ఇమానం దాటేదాకా ఆగే మాట

మా వాడకు మొదటిసారి ఫోన్ చేసేవాళ్లు తప్పకుండా ఒక పొరపాటు పడతారు. మేం మాట మధ్యలో ఉన్నట్టుండి ఆగిపోతాం. అవతలివాళ్లు "హలో, హలో" అని అరిచి, లైను పోయిందనుకుని పెట్టేస్తారు. లైనుకేం కాదు. మా నెత్తిమీద నుంచి విమానం పోతుంటుంది, అంతే. అది దాటిపోయాక, ఏ మాట దగ్గర ఆపామో అక్కడి నుంచే అందుకుంటాం.

రావిర్యాల పక్కన, విమానాల దారికి సరిగ్గా కింద ఉంటుంది మా వాడ. వానాకాలంలో దిగేవి, చలికాలంలో ఎక్కేవి, మొత్తానికి ఏదో ఒకటి పోతూనే ఉంటుంది. శంషాబాద్‌కు ఎయిర్‌పోర్టు వచ్చిన కొత్తలో అందరూ గొంతులు పెంచి చూశారట. విమానంతో పోటీకి దిగడం దండగని తొందరలోనే తెలిసింది. అప్పటి నుంచి ఆగడమే అలవాటు. మా చర్చిలో పాస్టరు గారు ప్రార్థన మధ్యలో ఆగుతారు, మేం కళ్లు మూసుకునే ఉంటాం. కూరగాయల బండి దగ్గర బేరం ఆగుతుంది. తిట్లు కూడా ఆగుతాయి. పక్కింటి అత్తాకోడళ్ల కొట్లాట చూసి తీరాలి. ఇద్దరూ చేతులెత్తి, నోళ్లు తెరిచి అలాగే నిలబడి, విమానం కనుమరుగు కాగానే తిట్టు సగంలోంచి మొదలుపెడతారు.

మా చిన్నమ్మ కూతురి పెళ్లిచూపుల్లో, పిల్లాడు నచ్చాడా అని వాళ్ల తల్లి అడిగింది. మా చెల్లెలు "నాకైతే" అని ఆగింది. నగరం నుంచి వచ్చిన ఆ మనుషుల మొహాలు మాడిపోయాయి. పిల్లాడు చేతిలోని స్వీటు పళ్లెంలో పెట్టేశాడు. విమానం పోయాక అది తాపీగా "ఇష్టమే" అంది. ఇప్పటికీ మా మరిది ఆ రోజు తన గుండె ఆగినంత పనైందని చెబుతుంటాడు.

నేను బొమ్మలు నేర్చుకోవడానికి హైదరాబాద్‌లో కాలేజీకి పోయినప్పుడు ఈ అలవాటు నాతోపాటే వచ్చింది. అక్కడ నెత్తిన విమానాలు లేవు. అయినా లారీ పోయినా, మిక్సీ తిరిగినా నా నోరు దానంతటదే ఆగేది. క్లాసులో నాకు "బఫరింగ్" అని పేరు పెట్టారు. నవ్వుతూనే ఉండేదాన్ని గానీ మనసులో మండిపోయేది. ఒకరి మాట వినపడకపోయినా మీదపడి మాట్లాడేవాళ్లు తెలివైనవాళ్లూ, ఆగేది తెలివితక్కువదీనా?

చదువు అయ్యాక శంషాబాద్‌లో హైవే పక్కన, టైల్స్ దుకాణం మీద ఒక గది కిరాయికి తీసుకున్నాను. పెళ్లికార్డులు, స్కూళ్ల కరపత్రాలు, టిఫిన్ సెంటర్ల మెనూలు, కొత్తూరు ఫ్యాక్టరీల క్యాలెండర్లు చేశాను. వాటితోపాటు, నగరంలో పిల్లల బొమ్మల పుస్తకాలు వేసే ఒక ప్రచురణకర్త దగ్గర పుస్తకాలకు పేజీలు కూర్చే పని దొరికింది. ఆమెది కోనసీమ. మాట మెత్తగా ఉంటుంది, పని దగ్గర మాత్రం రంపం. ఏళ్ల తరబడి ఇతరుల కథలకు అక్షరాలు కూర్చిన తర్వాత, ఒక రోజు ఆమే అడిగారు, నీ సొంత కథ ఏదైనా ఉంటే పుస్తకం చేసి చూపించు, బాగుంటే వేస్తాను అని.

నా దగ్గర కథ లేదు. మా అమ్మ దగ్గర ఉంది.

అది మా బర్రె కథ. ఎయిర్‌పోర్టు గోడ కడుతున్నప్పుడు వానకు పండే మా చెలక ఒకటి గోడ లోపలికి పోయింది. కాగితాల మీద మేం సంతకం పెట్టాం, బర్రె పెట్టలేదు. అది రోజూ పొద్దున్నే పోయి గోడ ముందు నిలబడేది. ఒక రోజు కొట్టంలో లేదు. అమ్మ గోడ వెంబడి మైళ్లు నడిచి, చివరికి ఒకచోట గోడకు నోరు ఆనించి పిలిస్తే, అవతలి నుంచి బర్రె పలికింది. ఇంకా కట్టని ఎడంలోంచి దూరి, మా పాత చెలకలోనే హాయిగా మేస్తోంది. కాపలావాడు వచ్చి ఇది ఎయిర్‌పోర్టు జాగా అని హిందీలో గద్దించాడు. అమ్మ అతనికి చెప్పిన జవాబు మా వాడలో అందరికీ నోటికి వచ్చు: "జాగ మీదేనయ్యా, నేను కాదన్ననా? నా బర్రెకు ఎవ్వలు చెప్పలే. పోయి చెప్పు." అతను చెప్పడానికే పోయాడట. బర్రె తల కూడా ఎత్తలేదు. పాలు పిండే పొద్దుకు దానంతటదే ఇంటికొచ్చింది.

ఆదివారం చర్చి అయ్యాక మా ఇంటి ముందు కూర్చుని అమ్మ ఈ కథ చెబుతుంది. ఎన్నిసార్లు విన్నా జనం కూర్చుంటారు. దానికి కారణం ఒకటి నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. అమ్మ విమానం వచ్చినప్పుడు ఊరికే ఆగదు. కథ చెబుతూనే తుక్కుగూడ దిక్కు ఒక కంట చూస్తుంటుంది. దూరంగా ఆకాశంలో మినుకుమని వెలుగు కనిపించగానే కథను నెమ్మది చేస్తుంది, లేదంటే తొందర చేస్తుంది. "గోడకు నోరానిచ్చి పిలిచిన, అవతలి నుంచి" అనేసరికి విమానం సరిగ్గా మా నెత్తి మీదికి వస్తుంది. ఆ చప్పుడంతసేపూ అందరూ నోళ్లు తెరుచుకుని ఆమెనే చూస్తుంటారు. చప్పుడు పోయాక అమ్మ గొంతులోంచి బర్రె పలుకుతుంది. అచ్చం బర్రె పలికినట్టే ఉంటుంది, పక్క కొట్టాల్లోంచి జవాబులు కూడా వస్తాయి.

ఆ ఆగడం లేకపోతే ఆ కథ లేదు. దాన్ని అచ్చులో పెట్టడం ఎలా?

వానాకాలమంతా ఆ గదిలో దానితోనే కుస్తీ పట్టాను. మాటలు అమ్మవే, అమ్మ యాసలోనే ఉంచాను. గోడను గీయకుండా "గోడ" అనే మాటనే ఇటుకల్లా పేర్చి పేజీ ఈ చివరి నుంచి ఆ చివరిదాకా కట్టాను. తలకట్లన్నీ అక్షరాల మీది నుంచి తీసి నేల మీద చల్లితే గడ్డి మొలిచినట్టైంది. బర్రె మాటలకు లావుపాటి కుంచెతో, పొట్టలు వేలాడే నల్లటి అక్షరాలు రాశాను. కాపలావాడి మాటలు నిటారుగా, ఇస్త్రీ చేసినట్టు. ఇక విమానానికి నేను బొమ్మ వేయలేదు. ప్రతి పేజీలో వాక్యం మధ్యలో నుంచి అడ్డంగా ఒక తెల్లపట్టీ వదిలాను. పట్టీకి ఇటువైపు సగం వాక్యం, అటువైపు మిగతా సగం. మొదటి పేజీలో పట్టీ పైఅంచున ఉంటుంది, పేజీలు తిప్పుతుంటే కిందికి దిగుతూ వచ్చి, బర్రె పలికే పేజీలో గడ్డిని తాకుతుంది. దిగే విమానం అన్నమాట. ఆ ఆలోచన తట్టిన రోజు నాకు నేనే ఒక ఇరానీ చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు ఇప్పించుకున్నాను.

అమ్మకు చూపిస్తే మొదటి పేజీ దగ్గరే ఆగి, అక్షరాలకు జ్వరమొచ్చిందా అని అడిగింది. బైబిల్ రోజూ చదువుతుంది గానీ ఇది చదవనంది. తన కథ తనకు తెలియదా, మళ్లీ చదవడమేంటి అని ఆమె వాదన.

ప్రచురణకర్తకు పుస్తకం నచ్చింది, పట్టీ తప్ప. దానికి ఆమెను తప్పు పట్టలేను. నమూనా కోసం ఒక పేజీని నగరంలోని ప్రెస్సుకు పంపితే, అక్కడి ఆపరేటరు పట్టీని చూసి పొరపాటనుకుని, రెండు సగాలనూ దగ్గరికి జరిపి అచ్చు వేసి పంపాడు. పైగా ఫోన్ చేసి, "మేడం, మీ ఫైలుల గ్యాపులొచ్చినయి, నేనే సరిజేసిన" అని మంచి మనసుతో చెప్పాడు. కోపంతో నాకు ఆ రోజు అన్నం సయించలేదు. ప్రచురణకర్త మాత్రం దాని గురించి ఆలోచనలో పడ్డారు. ఆఫీసులో ఇద్దరితో పైకి చదివించి చూస్తే, ఇద్దరూ పట్టీ దగ్గర తడబడి, ఇక్కడ ఏదో ముక్క ఎగిరిపోయిందని ఆమె మొహం చూశారట.

చివరికి ఒక మాట అనుకున్నాం. ఆదివారం ఆమె మా ఇంటికి వస్తారు. ముందుగా ఏమీ చెప్పకుండా మా వాడలో ఒకరిని తానే పిలిచి, నా చేతి డమ్మీని పైకి చదివిస్తారు. డమ్మీ అంటే అచ్చుకు ముందు చేత్తో కోసి, అతికించి, కుట్టిన నమూనా పుస్తకం. చదివే మనిషి తడబడితే పట్టీలు మూసేసి మామూలు పుస్తకంలా వేసేయాలి. సోమవారం ఫైలు ప్రెస్సుకు పోవాలి కాబట్టి ఇంకో అవకాశం లేదు. అమ్మ ఎక్కడా ఆగకుండా గడగడా చెప్పేసినట్టుండే బర్రె కథ నా మొదటి పుస్తకంగా రావడం కన్నా, రాకపోవడమే నయమనిపించింది.

ప్రచురణకర్త అంతకుముందు ఒకసారి మా ఇంటికి వచ్చారు. అమ్మతో మాట్లాడుతుంటే విమానాలు వచ్చాయి. ఆమె ఆగలేదు, గొంతు పెంచారు. అమ్మకు ఒక్క ముక్క వినపడక, మర్యాదకు తలూపుతూ కూర్చుంది. ఆమె వెళ్లాక అమ్మ నాతో అన్నది ఒకటే. "పాపం, ఇమానమొస్తే ఆగాలని ఆమెకు ఎవ్వలు చెప్పలేదు గావచ్చు."

ఆ ఆదివారమే మా చర్చిలో కోతపండుగ అని నేను మరిచిపోలేదు. చర్చి అయ్యేసరికి ఆమె వస్తారు, ఇంట్లో డమ్మీ ఉంటుంది, అంతా లెక్కప్రకారమే అనుకున్నాను. నేను మరిచిపోయింది మా అమ్మను.

కోతపండుగకు ప్రతి ఇంటి నుంచీ మొదటి పంట బల్ల మీదికి రావాలి. పాదుకు కాసిన మొదటి గుమ్మడికాయ, మొదటి కందికాయలు, కోడి పెట్టిన మొదటి గుడ్లు. నేను సంపాదించిన మొదటి జీతం కూడా ఆ బల్ల మీద పెట్టిందే. ఆరాధన అయ్యాక వాటన్నింటినీ వేలం వేస్తారు. ఇచ్చిన ఇంటివాళ్లు తమ వస్తువును తాము పాడుకోకూడదు, అది మా చర్చి కట్టడి. ఆ రోజు ఆరాధనలో పాట మధ్యలో నేను బల్ల వైపు చూస్తే, మా సొరకాయకూ ఎవరిదో నిమ్మకాయల బుట్టకూ మధ్య, మా ఇంటి తువ్వాలలో చుట్టి, నా డమ్మీ.

వెళ్లి అమ్మ పక్కన కూలబడి, ఏంటమ్మా ఇది అని గుసగుసగా అడిగాను. ఆమె నన్ను వింతగా చూసింది.

"నీ సొంతంగ జేసిన మొదటి పుస్తకం అంటివి గద బిడ్డా. మొదటిది ఇంట్ల వెట్టుకుంటమా?"

నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. నా పని కూడా పంటేనని మా అమ్మ ఏ చర్చా లేకుండా అనేసుకుంది. కంప్యూటర్‌లో ఫైలుంది కదా అంటారేమో. ఉంది. కానీ పేజీ తిప్పుతుంటే పట్టీ దిగిరావడం ఆ కాగితాల్లోనే తెలుస్తుంది, చదివించాల్సిందీ దానితోనే. సంఘ పెద్ద దగ్గరికి పోయాను. ఆయన నాకు పెద్దనాయన వరస, వేలం పాడించేదీ ఆయనే. సంగతి చెప్పబోతే చేయి అడ్డం పెట్టాడు. "బల్ల మీదికొచ్చినంక అది నీది గాదు, నాది గాదు బిడ్డా. జర ఓపిక వట్టు."

అంతలో ప్రచురణకర్త మా ఇంటికి తాళం చూసి, మైకు చప్పుడును బట్టి చర్చికి వచ్చేశారు. వెనక వరసలో కూర్చోబెట్టి సంగతంతా చెప్పాను. డమ్మీ వేలానికి వచ్చినప్పుడు మీరే పాడండి, మాకు పాడే హక్కు లేదు అన్నాను. ఆమె ఎంతో ఉత్సాహంగా సరే అన్నారు. అప్పటికే వేలం మొదలైంది. మా పెద్దనాయన గుమ్మడికాయను తట్టి మోగించి, దాని గుణగణాలు వర్ణిస్తుంటే ఆమెకు ముచ్చటేసి బాగుందన్నట్టు చేయి ఊపారు. గుమ్మడికాయ ఆమెదైంది. పసిబిడ్డంత కాయను తెచ్చి ఒళ్లో పెట్టారు.

తర్వాత డమ్మీ. పెద్దనాయన తువ్వాల విప్పి, అటూ ఇటూ తిప్పి చూశాడు. నిమ్మకాయలనైతే వాసన చూపించి పొగుడుతాడు, కోడినైతే ఎత్తి బరువు చూపిస్తాడు. పుస్తకాన్ని ఎట్లా పొగడాలో ఆయనకు తోచలేదు. ఇగ సదువుతనే తెలుస్తది అని, కళ్లద్దాలు పెట్టుకుని, మైకు ముందు తెరిచాడు.

ప్రచురణకర్త నా వైపు తిరిగి, ఈయనకు ముందు చెప్పావా అని కళ్లతోనే అడిగారు. లేదని తలూపాను.

"పొద్దుగాల లేసి జూస్తే, కొట్టంల బర్రె" అని చదివి, పట్టీ దగ్గర పెద్దనాయన ఆగాడు.

తడబడ్డాడనే అనుకున్నాను. కానీ ఆయన పుస్తకంలోకి వంగి వెతకడం లేదు. వేలు కాగితం మీదే పెట్టి, తల ఎత్తి, పైన రేకుల వైపు చూస్తున్నాడు. హాలులో ఎవరూ కదల్లేదు. నా ముందు కూర్చున్నావిడ కొంగు సర్దుకోబోయి అలాగే ఉండిపోయింది. పాస్టరు గారి చేతిలోని నీళ్ల సీసా మూతి దాకా వచ్చి ఆగింది. ప్రచురణకర్త చప్పున కిటికీ బయటికి చూశారు. ఆకాశంలో ఏమీ లేదు. ఒక విమానం మా మీది నుంచి పోవడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ చర్చి మొత్తం, రాని విమానం కోసం ఆగింది.

"లేదు" అన్నాడు పెద్దనాయన, తల దించి.

ఆ తర్వాత ఆయన ఆపలేదు. వేలం మాట మరిచి, పేజీ మీద పేజీ తిప్పుతూ చదువుతూనే పోయాడు. పట్టీ వచ్చిన ప్రతిసారీ ఆగాడు, ప్రతిసారీ అందరూ ఆగారు. కాపలావాడి దగ్గరికి వచ్చేసరికి అమ్మ జవాబును చర్చి మొత్తం ఆయనతోపాటు చెప్పింది. కథలో ముందూవెనకా మార్చి, బర్రె పలికే పేజీని నేను చివరికి పెట్టుకున్నాను. అక్కడికి వచ్చాడు. "గోడకు నోరానిచ్చి పిలిచిన. అవతలి నుంచి" అని ఆగి, పైకి చూశాడు. పట్టీ గడ్డిని తాకి ఉంది. ఆయన నోరు తెరిచేలోపు, ఆడవాళ్ల చాపల మీద నుంచి, మా అమ్మ గొంతులోంచి, బర్రె పలికింది.

పాస్టరు గారికి నీళ్లు పొలమారాయి. వాడంతా పడిపడి నవ్వింది. నేను మాత్రం ఏడ్చాను. వానాకాలమంతా కాగితం మీద నేను వెతికింది అది.

వేలంలో ప్రచురణకర్త ఓడిపోయారు. స్త్రీల సమాజం వాళ్లు సండే స్కూలు పిల్లలకు కావాలని పట్టుబట్టి పాడుతుంటే, ఆమె ఎంత ధర పెంచినా లాభం లేకపోయింది. నా డమ్మీ మా చర్చి బీరువాలోకి పోయింది. ఇప్పటికీ అక్కడే ఉంది, మొదటి పేజీ మూలకు ఎవరిదో జామకాయ మరక.

బయటికి వచ్చాం. ఆమె గుమ్మడికాయను చంకనెత్తుకుని కారు దాకా నడిచారు. తీసుకుంటానంటే ఇవ్వలేదు. నిర్ణయం ఏమిటో అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. కారు దగ్గర ఆమె నా వైపు తిరిగారు.

"ఆ పట్టీలు" అన్నారు.

అప్పుడే ఎయిర్‌పోర్టు దిక్కు నుంచి నిజం విమానం లేచి మా మీదికి వచ్చింది. నేను అలవాటుగా ఆగాను, ఆమె గొంతు పెంచుతారని ఎదురుచూస్తూ. పెంచలేదు. గుమ్మడికాయను ఇంకాస్త పైకి ఎగదోసుకుని, పెదవులు సగం తెరిచే ఉంచి, తల ఎత్తి, అది తుక్కుగూడ వైపు చిన్నదై పోయేదాకా చూస్తూ నిలబడ్డారు.

"ఒక్కటి కూడా ముయ్యొద్దు" అన్నారు.